పాసివ్ లెవెల్ ట్రాన్స్‌లేటర్‌తో సర్క్యూట్ డిజైన్: తొలి లెక్క నుంచి చివరి పరీక్ష దాకా

ఈఎస్‌పి32 అనే మైక్రోకంట్రోలర్ చిప్ పిన్నులు 3.3 వోల్టులవి. దానికి తగిలించే రెండు వరుసల ఎల్‌సీడీ వెనక ఉండే పిసిఎఫ్8574 బోర్డు 5 వోల్టులది. చాలామంది ఈ రెండింటినీ నేరుగా కలిపేస్తారు. తెర మీద అక్షరాలు కనిపిస్తాయి, పని అయిపోయిందనుకుంటారు. లోపల మాత్రం రెండు తప్పులు జరుగుతుంటాయి. ఎల్‌సీడీ బోర్డు మీదున్న పుల్-అప్ రెసిస్టర్లు (లైన్‌ను సప్లైకి కట్టేవి) సిగ్నల్ లైన్‌ను 5 వోల్టుల వైపు లాగుతాయి. ఈఎస్‌పి32 పిన్ మీద వోల్టేజీ దాని సప్లై కంటే 0.3 వోల్టుకు మించి పెరగకూడదని, అంటే 3.6 దాటకూడదని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చెబుతోంది. ఇక రెండో వైపు చూస్తే, 5 వోల్టుల మీద నడిచే పిసిఎఫ్8574 ఒక సిగ్నల్‌ను హై అని ఖాయంగా గుర్తించాలంటే 3.5 వోల్టులు కావాలి. 3.3 ఇస్తే అది గుర్తిస్తే గుర్తిస్తుంది, లేకపోతే లేదు. ఎండాకాలంలో పనిచేసి చలికాలంలో మొరాయించే బోర్డుల్లో కొన్నింటి కథ ఇదే.

ఈ రెండింటి మధ్య ఉండాల్సింది ఒక వైపు వోల్టేజీ మట్టాన్ని రెండో వైపు మట్టానికి మార్చే లెవెల్ ట్రాన్స్‌లేటర్. అందులో పాసివ్ రకం అంటే రెసిస్టర్లు, డయోడ్లు, లేదా స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌తో చేసేది. దానికి సిగ్నల్‌ను సొంత బలంతో నడిపే ఔట్‌పుట్ దశ ఉండదు. చవక, చిన్నది, దిశ చెప్పే పిన్ అక్కర్లేదు. కానీ ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి: మాస్‌ఫెట్ రకం ట్రాన్స్‌లేటర్‌లో లైన్‌ను కిందకు లాగేది అవతలి చిప్, పైకి ఎత్తేది మనం పెట్టిన రెసిస్టర్. ట్రాన్స్‌లేటర్ మధ్యలో తలుపు తీసి మూస్తుందంతే. అందుకే ఈ డిజైన్‌లో అసలు పని చిప్ ఎంచుకోవడం కాదు, రెసిస్టర్ విలువ లెక్క కట్టడం. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ లెక్కకే ఇచ్చాను.

## మెట్టు 1: అసలు ట్రాన్స్‌లేటర్ కావాలో లేదో చూడండి

మంచి ట్రాన్స్‌లేటర్ అంటే పెట్టనక్కర్లేకుండా పోయినదే. డిఎస్3231 గడియారం చిప్ 2.3 నుంచి 5.5 వోల్టుల దాకా నడుస్తుంది. దాని మాడ్యూల్‌కు 5 బదులు 3.3 వోల్టులు ఇస్తే సమస్యే ఉండదు. ముందు ప్రతి పరికరం డేటాషీట్‌లో సప్లై పరిధి చూడండి. అన్నింటికీ సరిపోయే వోల్టేజీ ఒకటి దొరికితే అక్కడితో ఆగిపోవచ్చు.

సప్లై మార్చలేకపోతే నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి. పంపే చిప్ ఇచ్చే కనిష్ఠ హై (ఒకటి), గరిష్ఠ లో (సున్నా). అందుకునే చిప్ అడిగే కనిష్ఠ హై, ఒప్పుకునే గరిష్ఠ లో. వీటితో పాటు అందుకునే పిన్ తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ కూడా. ఈ అంకెలు చిప్‌ను బట్టి చాలా మారతాయి. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పి 5 వోల్టుల మీద ఉన్నప్పుడు సప్లైలో 0.6 వంతు, అంటే 3.0 వోల్టులను హైగా తీసుకుంటుంది. 3.3 వోల్టుల చిప్ నుంచి దానికి ఒకవైపు మాత్రమే వెళ్లే సిగ్నల్ నేరుగా ఇచ్చేయవచ్చు, మార్జిన్ తక్కువే అయినా ఉంది. డబ్ల్యూఎస్2812బి ఎల్ఈడీ మాత్రం 0.7 వంతు, అంటే 3.5 అడుగుతుంది. 74హెచ్‌సిటి కుటుంబానికి 2.0 వోల్టులు చాలు. "5 వోల్టుల పరికరం" అన్న ఒక్క మాటతో నిర్ణయం తీసుకోకూడదనేది ఇందుకే.

## మెట్టు 2: సిగ్నల్ ఏ రకమో తేల్చుకోండి

ఓపెన్-డ్రెయిన్ లైన్‌లో చిప్ కిందకు మాత్రమే లాగుతుంది, పైకి తీసుకెళ్లేది పుల్-అప్. ఐ2సి బస్ (రెండు తీగల మీద చాలా చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి, మన ఎల్‌సీడీ బోర్డు వాడేది ఇదే), ఒక్క తీగ మీద నడిచే ఉష్ణోగ్రత సెన్సర్లు, చాలా ఇంటరప్ట్ లైన్లు ఈ రకం. పాసివ్ ట్రాన్స్‌లేటర్ పుట్టిందే వీటి కోసం.

పుష్-పుల్ లైన్‌లో చిప్ రెండు వైపులా బలంగా నడుపుతుంది. యూఆర్ట్, ఎస్‌పిఐ (చిప్‌ల మధ్య డేటా పంపే సీరియల్ పద్ధతులు), మామూలు జీపీఐఓ (సాధారణ పిన్నులు) ఈ రకం. ఇలాంటి సిగ్నల్ ఎక్కువ వోల్టేజీ నుంచి తక్కువకు వస్తుంటే పాసివ్ పద్ధతి హాయిగా సరిపోతుంది. తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తుంటే పైకెక్కే అంచు పూర్తిగా రెసిస్టర్ దయ మీద ఉంటుంది కాబట్టి వేగం తక్కువైతేనే పనికొస్తుంది.

డబ్ల్యూఎస్2812బి పట్టీకి 3.3 నుంచి 5 వోల్టులకు డేటా పంపడం పాసివ్ పద్ధతి పనికిరాని సందర్భానికి మంచి ఉదాహరణ. అక్కడ చిన్న పల్స్ వెడల్పు దాదాపు 400 నానోసెకన్లు. పుల్-అప్ 10కె (10 వేల ఓమ్‌లు), లైన్ కెపాసిటెన్స్ 50 పికోఫారడ్‌లు అనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ (ఆ రెండింటి గుణకారం) ఒక్కటే 500 నానోసెకన్లు. పల్స్ పైదాకా ఎక్కేలోపే అయిపోతుంది. అక్కడ 74ఎహెచ్‌సిటి125 లాంటి బఫర్ (సిగ్నల్‌ను సొంత బలంతో నడిపే చిప్) పెట్టండి, వేరే ఆలోచన వద్దు.

## మెట్టు 3: ఒకవైపే వెళ్లే సిగ్నల్‌కు రెండు రెసిస్టర్లు చాలు

హెచ్‌సి-ఎస్ఆర్04 దూరం సెన్సర్ ఎకో పిన్‌ను రాస్ప్‌బెర్రీ పై (3.3 వోల్టుల పిన్నులున్న చిన్న కంప్యూటర్ బోర్డు)కి కలపడం అందరికీ తెలిసిన ఉదాహరణ. 5 వోల్టుల పల్స్‌ను డివైడర్‌తో (సిగ్నల్ వైపు పైన ఒకటి, గ్రౌండ్ వైపు కింద ఒకటి పెట్టిన రెసిస్టర్లతో) తగ్గించాలి. సాధారణంగా 1కె, 2కె వాడమంటారు. దాంతో 5 × 2/3 = 3.33 వోల్టులు వస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. యూఎస్‌బీ సప్లై 5.25 దాకా ఉండొచ్చు కాబట్టి అప్పుడది 3.5 అవుతుంది. నేనైతే పైన 1.8కె, కింద 3.3కె పెడతాను. 5 వోల్టులకు 3.24, 5.25 వోల్టులకు 3.40 వస్తుంది. 1 శాతం రెసిస్టర్లు చెడు దిశలో కలిసినా 3.42 దాటదు. సెన్సర్ హై వోల్టేజీ 4.2కు పడిపోయినా 2.7 అందుతుంది, చాలావరకు 3.3 వోల్టుల సీమాస్ ఇన్‌పుట్లకు అది చాలు.

రెసిస్టర్ల నిష్పత్తి ఎంత ముఖ్యమో వాటి పరిమాణం కూడా అంతే ముఖ్యం. అందుకునే పిన్‌కు కనిపించేది ఆ రెండింటి సమాంతర విలువ. 1కె, 2కె జతకు అది 667 ఓమ్‌లు. పిన్, తీగ కలిపి 30 పికోఫారడ్‌లు అయితే 10 నుంచి 90 శాతానికి ఎక్కడానికి సుమారు 44 నానోసెకన్లు పడుతుంది. కరెంట్ ఆదా చేద్దామని 10కె, 20కె పెడితే అదే 440 నానోసెకన్లు. 115200 బాడ్ యూఆర్ట్‌లో ఒక బిట్ 8.7 మైక్రోసెకన్లు కాబట్టి 440 లెక్కలోకి రాదు. 8 మెగాహెర్ట్జ్ ఎస్‌పిఐలో అర క్లాక్ 62.5 నానోసెకన్లే, అక్కడ అది చెల్లదు. వేగం కావాలంటే చిన్న రెసిస్టర్లు పెట్టి, లైన్ హైగా ఉన్నంతసేపు పోయే 1.67 మిల్లీఆంపియర్లను ఒప్పుకోవాలి. బ్యాటరీ మీద నడిచే పరికరానికి అదీ భారమే.

కొందరు డివైడర్ కూడా లేకుండా ఒక్క 10కె సిరీస్‌లో పెట్టి, మిగతాది చిప్‌లోని రక్షణ డయోడ్ చూసుకుంటుందంటారు. ఆ డయోడ్ ఎంత కరెంట్ భరిస్తుందో డేటాషీట్‌లో రాసి ఉంటే తప్ప ఆ పని చేయకండి. అవతలి బోర్డుకు పవర్ లేనప్పుడు ఈ దారిలోనే కరెంట్ దూరి చిప్‌ను సగం సగంగా మేల్కొలుపుతుంది.

షాట్కీ డయోడ్ ఇంకో దారి. కాథోడ్ 5 వోల్టుల చిప్ వైపు, ఆనోడ్ 3.3 వోల్టుల పిన్ వైపు పెట్టి, పిన్‌కు 3.3 నుంచి పుల్-అప్ ఇవ్వాలి. అవతల లో అయితే డయోడ్ ద్వారా ఇక్కడా లో అవుతుంది, హై అయితే డయోడ్ మూసుకుని పుల్-అప్ పని చూసుకుంటుంది. ఈ పద్ధతిలో లో వోల్టేజీకి డయోడ్ డ్రాప్ కలుస్తుందని గుర్తుంచుకోండి. షాట్కీకి 0.3 దగ్గర, మామూలు సిలికాన్ డయోడ్‌కు 0.6 దగ్గర. ఈఎస్‌పి32 "లో"గా ఒప్పుకునే గరిష్ఠ వోల్టేజీ సప్లైలో పావు వంతు, అంటే 0.825 వోల్టు. అవతలి చిప్ ఇచ్చే లో వోల్టేజీ 0.4 అయితే షాట్కీతో 0.7 వచ్చి గట్టెక్కుతుంది, సిలికాన్ డయోడ్‌తో 1.0 వచ్చి తప్పుతుంది.

## మెట్టు 4: రెండు వైపులా వెళ్లే లైన్‌కు ఒక్క మాస్‌ఫెట్

ఈ సర్క్యూట్‌ను 1997లో ఫిలిప్స్ సెమీకండక్టర్స్ అప్లికేషన్ నోట్‌గా ఇచ్చింది. ఇవాళ కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఆన్‌లైన్ దుకాణాల దాకా ఎక్కడ చూసినా దొరికే నాలుగు ఛానెళ్ల చిన్న బోర్డులో ఉన్నది ఇదే: ఛానెల్‌కు ఒక బిఎస్ఎస్138 ఎన్-ఛానెల్ మాస్‌ఫెట్, రెండు 10కె రెసిస్టర్లు.

కనెక్షన్ ఇలా. గేట్ తక్కువ వోల్టేజీ సప్లైకి. సోర్స్ తక్కువ వోల్టేజీ లైన్‌కు. డ్రెయిన్ ఎక్కువ వోల్టేజీ లైన్‌కు. రెండు లైన్లకూ వాటి వాటి సప్లై నుంచి పుల్-అప్.

ఎవరూ లాగనప్పుడు సోర్స్, గేట్ రెండూ 3.3 దగ్గరే ఉంటాయి, ఫెట్ మూసుకుని ఉంటుంది, ఒక లైన్ 3.3 దగ్గర, రెండోది 5 దగ్గర నిలబడతాయి. 3.3 వైపు చిప్ లైన్‌ను కిందకు లాగితే గేట్-సోర్స్ మధ్య దాదాపు 2.9 వోల్టులు వచ్చి ఫెట్ తెరుచుకుంటుంది, 5 వోల్టుల లైన్ కూడా కిందకు దిగుతుంది. 5 వైపు చిప్ లాగినప్పుడు జరిగేది కాస్త తమాషాగా ఉంటుంది. ఫెట్ అప్పటికి మూసి ఉంది కాబట్టి ముందు దాని లోపలి బాడీ డయోడ్ నడుస్తుంది. సోర్స్ సుమారు 1.1 వోల్టుకు దిగుతుంది. గేట్ 3.3 దగ్గర ఉంది కాబట్టి ఇప్పుడు 2.2 వోల్టుల తేడా వచ్చింది. ఫెట్ తెరుచుకుని మిగతాది కిందకు లాగేస్తుంది.

ఈ 2.9, 2.2 అంకెలను వదలకండి, మాస్‌ఫెట్ ఎంపిక అంతా వాటి మీదే నడుస్తుంది. బిఎస్ఎస్138 థ్రెషోల్డ్ (ఫెట్ తెరుచుకోవడం మొదలయ్యే గేట్-సోర్స్ వోల్టేజీ) 0.8 నుంచి 1.5 వోల్టుల మధ్య. 3.3 వైపు సులువుగా సరిపోతుంది. 2ఎన్7000 ప్రతి దుకాణంలో దొరుకుతుంది కానీ దాని థ్రెషోల్డ్ 3 వోల్టుల దాకా ఉండొచ్చు. 2.2 వోల్టులతో తెరుచుకుంటుందన్న హామీ లేదు. పది కొంటే ఎనిమిది పనిచేయొచ్చు, ఆ మిగతా రెండే తర్వాత నిద్రపోనివ్వవు. తక్కువ వైపు 1.8 వోల్టులైతే బిఎస్ఎస్138 కూడా చాలదు. 1.8 నుంచి 0.4 తీసేస్తే 1.4, అది గరిష్ఠ థ్రెషోల్డ్ కంటే తక్కువ. బాడీ డయోడ్ దశలో అయితే 0.7 మాత్రమే మిగులుతుంది. అక్కడ మెట్టు 6లోని చిప్‌కు వెళ్లండి, లేదా థ్రెషోల్డ్ బాగా తక్కువున్న ఫెట్ వెతకండి.

సోర్స్, డ్రెయిన్ తారుమారు చేస్తే బాడీ డయోడ్ తిరగబడి, 5 వోల్టుల లైన్ నుంచి 3.3 లైన్‌కు ఎప్పుడూ దారి తెరిచే ఉంటుంది. 3.3 పిన్ మీద 3.3 కంటే బాగా ఎక్కువ వోల్టేజీ కనిపిస్తుంది. సొంతంగా బోర్డు గీసేటప్పుడు ఫుట్‌ప్రింట్ పిన్ నంబర్లను డేటాషీట్‌తో పోల్చి చూసుకోండి.

## మెట్టు 5: పుల్-అప్ లెక్క

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది, దాటకండి. పుల్-అప్‌కు రెండు హద్దులున్నాయి. మరీ చిన్నదైతే చిప్ లైన్‌ను కిందకు లాగలేదు. మరీ పెద్దదైతే లైన్ సమయానికి పైకెక్కదు. సన్నటి గొట్టంతో బిందె నింపుతున్నట్టే: గొట్టం రెసిస్టర్, బిందె లైన్ కెపాసిటెన్స్.

మొదటి హద్దు. ఐ2సి ప్రమాణం ప్రకారం స్టాండర్డ్, ఫాస్ట్ మోడ్ పరికరం 0.4 వోల్టు దగ్గర 3 మిల్లీఆంపియర్లు లాగగలగాలి. అంతకంటే ఎక్కువ దాని నుంచి ఆశించకూడదు. పాసివ్ ట్రాన్స్‌లేటర్ తెరుచుకున్నప్పుడు రెండు వైపుల పుల్-అప్ కరెంట్లూ కలిసి ఆ ఒక్క చిప్ మీదే పడతాయి. బఫర్ ఉన్న చోట ఈ బాధ ఉండదు, ఇక్కడ ఉంటుంది. కాబట్టి రెండు వైపులవీ కూడండి.

రెండో హద్దు. లైన్ సప్లైలో 30 శాతం నుంచి 70 శాతానికి ఎక్కే సమయం = 0.8473 × రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్. 100 కిలోహెర్ట్జ్‌కు ఇది 1000 నానోసెకన్లు, 400 కిలోహెర్ట్జ్‌కు 300 నానోసెకన్లు దాటకూడదు. బస్ కెపాసిటెన్స్ మొత్తం 400 పికోఫారడ్‌ల లోపు ఉండాలి. ట్రాన్స్‌లేటర్ రెండు వైపుల్ని విడదీయదు కాబట్టి ఈ 400లో రెండు వైపులవీ కలిపే లెక్కించండి. కేబుల్‌కు రకాన్ని బట్టి మీటరుకు సుమారు 50 నుంచి 100, ఒక్కో చిప్ పిన్‌కు 10 దాకా వేసుకోవచ్చు.

ఇప్పుడు మన ఎల్‌సీడీ ఉదాహరణ. 3.3 వైపు ట్రాన్స్‌లేటర్ బోర్డు 10కె మాత్రమే ఉంది, ఈఎస్‌పి32 లోపలి పుల్-అప్ బలహీనం కాబట్టి వదిలేద్దాం. 5 వైపు బోర్డు 10కె, దానికి సమాంతరంగా ఎల్‌సీడీ మాడ్యూల్‌ది 4.7కె, కలిపి 3.2కె. 3.3 వైపు 50 పికోఫారడ్‌లు, 5 వైపు 100 అనుకుందాం.

లాగాల్సిన కరెంట్: 3.3 వైపు (3.3 − 0.4) ÷ 10కె = 0.29 మిల్లీఆంపియర్. 5 వైపు (5 − 0.4) ÷ 3.2కె = 1.44. మొత్తం 1.73. మూడులోపే.

ఎక్కే సమయం: 5 వైపు 0.8473 × 3.2కె × 100 పికోఫారడ్‌లు = 271 నానోసెకన్లు. 3.3 వైపు 0.8473 × 10కె × 50 = 424. ఫెట్ తెరిచి ఉన్నంతసేపు రెండు వైపులూ ఒకటే కాబట్టి కలిపి కూడా ఒకసారి చూడాలి: రెసిస్టర్లు సమాంతరంగా 2.42కె, కెపాసిటెన్స్ 150, సమయం 308. మూడింటిలో పెద్దదాన్నే నమ్మండి, అంటే 424. పిసిఎఫ్8574 ఎలాగూ 100 కిలోహెర్ట్జ్‌కు మించి వెళ్లదు, పరిమితి 1000, కాబట్టి ఈ డిజైన్ బాగుంది.

అదే బోర్డును వేగమైన పరికరాలతో 400 కిలోహెర్ట్జ్‌కు తీసుకెళ్లాలంటే 424 ఒప్పుకోదు. 3.3 వైపు ఇంకో 4.7కె సమాంతరంగా పెడితే అక్కడా 3.2కె అవుతుంది. సమయాలు వరుసగా 136, 271, కలిపి 203. అన్నీ 300 లోపే. కరెంట్ 0.91 + 1.44 = 2.35. అదీ లోపే. ఇంత ఇరుకు చోట ఇమిడే విలువలు కాబట్టే అంచనా మీద రెసిస్టర్ పెట్టకూడదు.

రాస్ప్‌బెర్రీ పైకి ఇదే ఎల్‌సీడీ పెడితే లెక్క తిరగబడుతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద ఐ2సి లైన్లకు ఇప్పటికే 1.8కె పుల్-అప్‌లు 3.3కు ఉన్నాయి. అవి 1.61 మిల్లీఆంపియర్లు, ట్రాన్స్‌లేటర్ 10కె 0.29, 5 వైపు 1.44, మొత్తం 3.34. హద్దు దాటింది. రాస్ప్‌బెర్రీ పై చిప్ అంత లాగగలదు కానీ జవాబిచ్చేటప్పుడు లాగాల్సింది పిసిఎఫ్8574, దాని హామీ 3 వరకే. ఎల్‌సీడీ మాడ్యూల్ మీది 4.7కె రెండూ తీసేయండి. 5 వైపు 10కె మిగిలి కరెంట్ 2.36కు దిగుతుంది. ఎక్కే సమయం 847, 100 కిలోహెర్ట్జ్‌కు ఇంకా చెల్లుతుంది. అయితే ఎల్‌సీడీని క్యాబినెట్ తలుపుకు బిగించి మీటరు కేబుల్ లాగారనుకోండి, ఈ 847 వెయ్యి దాటిపోతుంది. అప్పుడు 4.7కె ఉంచి ట్రాన్స్‌లేటర్ బోర్డు మీది 10కెలు తీసేయడం మేలు: 1.61 + 0.98 = 2.59.

ప్రతి మాడ్యూల్ తయారీదారూ తమ బోర్డు మీద పుల్-అప్ పెట్టేస్తారు. నాలుగు మాడ్యూళ్లు కలిపితే నాలుగు 4.7కెలు కలిసి 1.2కె అవుతాయి. కాబట్టి కొత్త మాడ్యూల్ కొన్నప్పుడు ముందు పవర్ లేకుండా మల్టీమీటర్‌తో దాని ఎస్‌డిఎ (డేటా) పిన్‌కూ సప్లై పిన్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి.

## మెట్టు 6: 1.8 వోల్టులకు దిగితే పిసిఎ9306 రకం చిప్

ఆధునిక ప్రాసెసర్ల పిన్నులు 1.8 వోల్టులకు, ఒక్కోసారి 1.2కు దిగాయి. అక్కడ గేట్‌ను నేరుగా సప్లైకి కడితే ఫెట్ తెరుచుకోదు. పిసిఎ9306, ఎల్ఎస్ఎఫ్0108 లాంటి చిప్‌లలో దీనికి చక్కటి ఉపాయం ఉంది. ఒకే సిలికాన్ ముక్క మీద ఒకేలాంటి ఫెట్లు వరుసగా ఉంటాయి. వాటిలో ఒకటి సిగ్నల్ కోసం కాదు, గేట్ వోల్టేజీ తయారుచేయడం కోసం. ఆ రిఫరెన్స్ ఫెట్ గేట్‌నూ డ్రెయిన్‌నూ కలిపి, 200కె రెసిస్టర్ ద్వారా ఎక్కువ సప్లైకి, సోర్స్‌ను తక్కువ సప్లైకి కడతాం. అప్పుడు గేట్ దానంతటదే "తక్కువ సప్లై + ఒక థ్రెషోల్డ్" దగ్గర నిలుస్తుంది. మిగతా ఫెట్ల గేట్లు కూడా అదే లైన్ మీద ఉన్నాయి కాబట్టి వాటి తక్కువ వైపు కచ్చితంగా తక్కువ సప్లై దగ్గరే ఆగుతుంది. థ్రెషోల్డ్ వేడికి మారినా అన్నీ కలిసే మారతాయి.

కనెక్షన్ క్రమం: వీరెఫ్1ను 1.8కు. వీరెఫ్2ను, ఎనేబుల్ పిన్‌నూ కలిపి, ఆ కలిసిన చోటు నుంచి 200కె ద్వారా 3.3కు. అక్కడే గ్రౌండ్‌కు డేటాషీట్ చెప్పిన ఫిల్టర్ కెపాసిటర్. లైన్లకు రెండు వైపులా పుల్-అప్. రెండు సప్లైల మధ్య తేడా పిసిఎ9306కు కనీసం 0.6 వోల్టు ఉండాలి, లేకపోతే రిఫరెన్స్ కుదరదు.

ఇక్కడ జాగ్రత్తలు మూడు. 200కె మరిచిపోయి ఎనేబుల్‌ను నేరుగా 3.3కు కట్టకండి. అలా చేస్తే రిఫరెన్స్ ఫెట్ పూర్తిగా తెరుచుకుని 3.3 రైల్ (సప్లై లైన్) నుంచి 1.8 రైల్‌కు కరెంట్ పారుతుంది, సిగ్నల్ లైన్లు కూడా 1.8 దగ్గర ఆగవు. వీరెఫ్1ను తక్కువ వైపు చిప్‌లు వాడే రైల్‌కే కట్టండి, "దాదాపు అంతే" ఉన్న ఇంకో రైల్‌కు కాదు. మూడోది చాలామంది గమనించనిది: 200కె ద్వారా వచ్చే సుమారు 4.5 మైక్రోఆంపియర్లు 1.8 రైల్‌లోకి వెళ్తాయి. ఆ రైల్ మీద లోడ్ దాదాపు లేని నిద్ర స్థితిలో, కరెంట్ ఇవ్వడం తప్ప తీసుకోవడం రాని రెగ్యులేటర్ ఉంటే, రైల్ మెల్లగా పైకి జరగొచ్చు. ఆ కరెంట్‌ను గ్రౌండ్‌కు పంపే బ్లీడర్ రెసిస్టర్ ఒకటి పెడితే సరి.

పుల్-అప్ కనిష్ఠం కోసం చిప్ డేటాషీట్ (సప్లై − 0.35) ÷ కరెంట్ అని ఇస్తుంది. 3.3కు 15 మిల్లీఆంపియర్ల దగ్గర 197 ఓమ్‌లు వస్తుంది. ఆ అంకె చూసి 220 ఓమ్‌లు పెట్టేయకండి. 15 ట్రాన్స్‌లేటర్ భరించేది, మీ ఐ2సి చిప్ లాగేది 3 మాత్రమే, దానికి 983 ఓమ్‌లు. ఉదాహరణకు 1.8 వైపు 4.7కె, 50 పికోఫారడ్‌లు, 3.3 వైపు 2.2కె, 80 పికోఫారడ్‌లు తీసుకోండి. కరెంట్ 0.30 + 1.32 = 1.62. ఎక్కే సమయాలు 199, 149, కలిపి 165. 400 కిలోహెర్ట్జ్‌కు హాయిగా సరిపోతుంది. తెరిచిన ఫెట్ రెసిస్టెన్స్ కొన్ని ఓమ్‌లే, 3 మిల్లీఆంపియర్ల దగ్గర పది, పదిహేను మిల్లీవోల్టులు కలుస్తాయి, పట్టించుకోనక్కర్లేదు.

## మెట్టు 7: ఒక సప్లై ఉండి ఇంకోటి లేనప్పుడు

బోర్డు మీద రెండు సప్లై రైల్‌లూ ఒకేసారి లేవవు, ఒకేసారి పడిపోవు. మాస్‌ఫెట్ సర్క్యూట్‌లో 3.3 పోయి 5 ఉంటే గేట్ సున్నాలో ఉంటుంది, ఫెట్ మూసి ఉంటుంది, 5 వైపు తన పని తను చేసుకుంటుంది. తిరగేసి 5 రైల్ సున్నాకు పడిపోతే పరిస్థితి వేరు. 5 వైపు పుల్-అప్ ఇప్పుడు పుల్-డౌన్ అయింది, ఫెట్ తెరుచుకుంటుంది, రెండు వైపులా 10కె ఉంటే 3.3 లైన్ 1.65 దగ్గర వేలాడుతుంది. ఆ బస్ మీదున్న మిగతా 3.3 పరికరాలు కూడా మూగబోతాయి. ఎక్కువ వైపు ఆపి ఆన్ చేసే డిజైన్ అయితే పిసిఎ9306 ఎనేబుల్ పిన్‌ను ఓపెన్-డ్రెయిన్ పిన్‌తో కిందకు లాగి, ముందు తలుపు మూసి, తర్వాత రైల్ ఆపండి.

## మెట్టు 8: బోర్డు మీద పెట్టడం

రెండు వైపులకూ గ్రౌండ్ ఒక్కటే ఉండాలి, వేర్వేరు అడాప్టర్లు వాడినా సరే. ట్రాన్స్‌లేటర్‌ను తక్కువ వోల్టేజీ చిప్ దగ్గర పెట్టండి, పొడవు తీగ ఎక్కువ వైపు ఉంటే నాయిస్ మార్జిన్ ఎక్కువ. ఒక్కో రైల్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్. పుల్-అప్‌లకు అదనపు ప్యాడ్‌లు గీసి ఖాళీగా వదిలేయండి, తర్వాత విలువ మార్చాల్సి వచ్చినప్పుడు ఉపయోగపడతాయి.

## మెట్టు 9: పరీక్ష

చిప్‌లు తగిలించకుండా ముందు రెండు సప్లైలు ఇచ్చి మల్టీమీటర్ పెట్టండి. ప్రతి లైన్ తన రైల్ వోల్టేజీ చూపాలి. 3.3 లైన్ మీద 3.3 కంటే బాగా ఎక్కువ కనిపిస్తే ఫెట్ తిరగబడింది. తర్వాత 3.3 లైన్‌ను ఒక తీగతో గ్రౌండ్‌కు తాకించి 5 లైన్ చూడండి, దాదాపు సున్నా రావాలి. ఇదే రెండో వైపు నుంచి. 5 లైన్‌ను తాకించినప్పుడు 3.3 లైన్ 0.6 దగ్గర ఆగిపోతే బాడీ డయోడ్ మాత్రమే నడుస్తోంది, ఫెట్ తెరుచుకోవడం లేదు: గేట్ కనెక్షన్ తెగిందో, థ్రెషోల్డ్ ఎక్కువో చూడండి.

అప్పుడు చిప్‌లు పెట్టి 100 కిలోహెర్ట్జ్‌లో ఐ2సి స్కానర్ (బస్ మీది చిప్‌ల చిరునామాలు వెతికే ప్రోగ్రామ్) నడపండి. పిసిఎఫ్8574 ఎల్‌సీడీ బోర్డులు సాధారణంగా హెక్స్ 27 దగ్గర, చిప్ పేరు చివర "ఎ" ఉన్నవి హెక్స్ 3ఎఫ్ దగ్గర జవాబిస్తాయి.

ఆసిలోస్కోప్ ఉంటే ప్రోబ్‌ను 10 రెట్ల స్థానంలో పెట్టండి. 1 రెట్టు స్థానంలో ప్రోబ్ ఒక్కటే వంద పికోఫారడ్‌ల దాకా కలిపి, లేని జబ్బును చూపిస్తుంది. 30, 70 శాతం గీతల మధ్య సమయం కొలిచి మెట్టు 5 అంకెతో పోల్చండి. ఎక్కే వంపులో మధ్యలో చిన్న విరుపు కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఫెట్ మూసుకున్న చోటు, అక్కడి నుంచి రెండు వైపులూ విడివిడిగా ఎక్కుతున్నాయి. లో మట్టం కూడా రెండు చోట్ల చూడండి: ఈఎస్‌పి32 లాగుతున్నప్పుడు, అవతలి చిప్ జవాబు బిట్ ఇస్తున్నప్పుడు. రెండోది 0.4 దాటితే పుల్-అప్‌లు ఎక్కువయ్యాయి, ఏదో ఒక మాడ్యూల్ మీదివి తీసేయాలి.

చివరగా 5 వోల్టుల సప్లైని 4.75కు, 5.25కు మార్చి అదే పరీక్ష మళ్లీ చేయండి. కొలిచిన కెపాసిటెన్స్ అంచనా, మొత్తం లాగే కరెంట్, బస్ వేగం ఈ మూడూ స్కీమాటిక్‌లో పుల్-అప్‌ల పక్కనే రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత ఎవరో అదే బస్‌కు ఇంకో సెన్సర్ తగిలించేటప్పుడు, 2.35 పక్కన ఇంకా ఎంత చోటుందో వాళ్లకు అక్కడే కనిపిస్తుంది.